మనవాడు ఉన్నాడుగా!



ప్రియమైన సంఘమా, ఈ మధ్య ఆదివారపు ఆరాధనల్లో ఒక సాక్ష్యము తరచుగా వినిపిస్తోంది. "మా పిల్లవాడికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది, దేవునికి స్తోత్రం." ఒకరి అమ్మాయికి గ్రామ సచివాలయంలో, ఇంకొకరి అబ్బాయికి పోలీసు శాఖలో, మరొకరికి డీఎస్సీలో టీచరు పోస్టు. గ్రూప్ పరీక్షలు రాసి మండల ఆఫీసులో కుర్చీ దాకా వెళ్ళినవారూ ఉన్నారు. తాతలు పెద్దరైతుల దగ్గర పాలేర్లుగా బ్రతికిన ఇళ్ళ నుంచి మనవలు ప్రభుత్వ కొలువుల్లోకి వెళ్తున్నారు. ఆ సాక్ష్యము విన్న ప్రతిసారీ నాకు ప్రాణం లేచి వచ్చినట్టు ఉంటుంది.

అయితే ఆ సాక్ష్యము చెప్పి నెల తిరక్కుండానే మరో మాట మొదలవుతుంది. ఇంటి స్థలాల జాబితాలో పేరు పైకి రావాలి, మనవాడు ఉన్నాడుగా. పింఛను కాగితం అందరికంటే ముందు చూడాలి, మనవాడు ఉన్నాడుగా. గట్టు తగాదాలో సర్వే రాయి కాస్త అవతలికి పడాలి, మనవాడు ఉన్నాడుగా. "అయ్యగారూ, మీ మాట వింటాడు, మీరొక మాట చెప్పండి" అని నా దగ్గరికి వచ్చేవారూ ఉన్నారు.

ఈ వారం ఆ మాట గురించే రాస్తున్నాను. కొందరికి కటువుగా ఉండొచ్చు. ఓపికగా చదవండి.

ప్రభుత్వోద్యోగి నిజాయితీ అనగానే మనకు లంచం గుర్తొస్తుంది. లంచం తీసుకున్నవాడు పేపర్లో పడితే నలుగురం కూర్చుని తిట్టుకుంటాం. తిట్టవలసిందే. కానీ నా అభిప్రాయం చెప్తాను. మన పిల్లల నిజాయితీ లంచం ఇచ్చేవాడి ముందు ఓడిపోతున్నదానికంటే మన ముందు ఎక్కువగా ఓడిపోతోంది. కవరు పట్టుకొచ్చిన కాంట్రాక్టరును "బయటికి నడవండి" అనగలిగిన పిల్లవాడు, మేనమామ వచ్చి ఎదురుగా కూర్చుంటే ఆ మాట అనలేడు. చిన్నప్పుడు ఫీజు కట్టిన పెదనాన్న ఫోను చేస్తే తీయకుండా ఉండలేడు. ఋణపడి ఉన్నాడు కనుక. ప్రేమ ఉంది కనుక. ఆ ప్రేమనే మనం అడ్డం పెట్టుకుని అడుగుతున్నాం.

వరుస దాటితే వెనక్కి జారేది ఎవరు?

"నేనేమైనా డబ్బిచ్చానా? నాకు రావలసిందే అడిగాను, కాస్త ముందు ఇమ్మన్నాను. అందులో పాపమేముంది?" అని అడుగుతారు. సరే, లెక్క వేద్దాం.

ఒక ఊళ్ళో నలభై ఇళ్ళ స్థలాలు ఉన్నాయనుకోండి. అర్హులు అరవై మంది. వరుస ప్రకారం జాబితా రాశారు. యాభై రెండో చోట ఉన్న మనవాళ్ళ పేరు ముప్పై ఎనిమిదో చోటికి ఎక్కింది. ఎవరూ రూపాయి తీసుకోలేదు, ఎవరి మీదా కేసు లేదు. కానీ నలభయ్యో చోట ఉన్న మనిషి నలభై ఒకటికి జారిపోయింది. ఆమె భర్త లేని మనిషి కావచ్చు, చంటిబిడ్డతో అద్దె పాకలో ఉంటున్నది కావచ్చు. ఏ ఆఫీసులోనూ ఆమెకు "మనవాడు" లేడు. తన పేరు ఎందుకు పోయిందో ఆమెకు ఎవరూ చెప్పరు. "నా తలరాత" అనుకుని ఇంటికి వెళ్తుంది. అది తలరాత కాదు, మన ఫోను.

వీరప్ప మొయిలీ గారి అధ్యక్షతన పనిచేసిన రెండో పరిపాలనా సంస్కరణల కమిషన్ 2007లో పాలనలో నైతికత గురించి ఒక నివేదిక ఇచ్చింది. అందులో అవినీతిని రెండు రకాలుగా విడదీసింది. ఒకటి బలవంతపుది. అంటే మన హక్కుగా రావలసినదానికే ఉద్యోగి డబ్బు పిండుకోవడం. రెండోది కుమ్మక్కు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ లాభపడతారు, నష్టం మూడోవాడి మీద పడుతుంది. మొదటిదానిలో కనీసం ఏడ్చేవాడు ఒకడు ఉంటాడు, ఫిర్యాదు వస్తుంది. రెండోదానిలో ఇద్దరూ సంతోషంగానే ఉంటారు కాబట్టి ఫిర్యాదే రాదు. ఆ కమిషన్ ముఖ్యంగా సొమ్ము చేతులు మారే వ్యవహారాల గురించి రాసింది. కానీ చుట్టరికంతో చేయించుకునే పనికి కూడా ఆ కొలత సరిగ్గా సరిపోతుందని నేననుకుంటాను. మనం సంతోషించాం, మన పిల్లవాడు మొహమాటం తీర్చుకున్నాడు, నలభయ్యో మనిషి నష్టపోయింది.

వద్దు అనగలగడానికే ఆ కవచం

మన రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. కేంద్ర ఉద్యోగులకూ అదే సంవత్సరం వచ్చింది, ఐఏఎస్, ఐపీఎస్ వారికి 1968లో వచ్చింది. వీటన్నిటి మొదట్లో కనిపించే మాటలు రెండు: సంపూర్ణమైన నిజాయితీ, విధి పట్ల అంకితభావం. "వీలైనంత నిజాయితీ" అని రాయలేదు. "బంధువుల విషయంలో తప్ప" అని కూడా రాయలేదు.

ఇంత కోరిన దేశం ఉద్యోగికి ఒక రక్షణ కూడా ఇచ్చింది. 1949 అక్టోబరులో రాజ్యాంగ సభలో సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ గారు అఖిల భారత సర్వీసుల పక్షాన గట్టిగా మాట్లాడారు. మంత్రికి నచ్చినా నచ్చకపోయినా అధికారి తన అభిప్రాయాన్ని భయం లేకుండా చెప్పగలగాలన్నది ఆయన వాదన. రాజ్యాంగంలో 311వ అధికరణ ఉంది. విచారణ జరిపి, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇస్తేనే తప్ప, కొన్ని ప్రత్యేక సందర్భాల్లో మినహా, ఉద్యోగిని తీసివేయడానికి వీల్లేదు. ఎందుకీ రక్షణ? హాయిగా కూర్చుని జీతం తీసుకోవడానికి కాదు. "వద్దు, ఇది నియమానికి విరుద్ధం" అని చెప్పవలసిన రోజున నోరు లేవడానికి.

2013 అక్టోబరు 31న సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ గారు, మరికొందరు విశ్రాంత అధికారులు వేసిన కేసులో వచ్చిన తీర్పు అది. అధికారులు నోటిమాట ఆదేశాల మీద నడవకూడదు, అలాంటి ఆదేశం వస్తే దాన్ని కాగితం మీద పెట్టాలి అని కోర్టు చెప్పింది. ఎందుకంటే చేయించకూడని పని చేయించేవాడు ఎప్పుడూ రాసివ్వడు. ఫోనులో చెప్తాడు, కబురు పంపిస్తాడు, కారెక్కేటప్పుడు చెవిలో వేస్తాడు. రేపు తప్పు బయటపడితే సంతకం చేసినవాడే దొరుకుతాడు.

ఇప్పుడు ఆలోచించండి. మన ఫోను మాత్రం ఏ రకం? మనమూ నోటిమాటే చెప్తాం. "కాగితం మీద రాసివ్వండి పెదనాన్నా" అని ఆ పిల్లవాడు అడిగితే మనం రాసిస్తామా? రాసివ్వడానికి సిగ్గుపడే మాటను అడగడానికి మాత్రం సిగ్గుపడటం లేదు.

"ఇన్నాళ్ళూ వాళ్ళు తిన్నారు"

ఇక్కడ నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. అది తీసిపారేయవలసిన ప్రశ్న కాదు. మన సంఘంలో చదువుకున్న యువకులే అడుగుతారు. "అయ్యగారూ, తరతరాలుగా కరణం వాళ్ళవాడు, మునసబు వాళ్ళవాడు, తహసీల్దారు వాళ్ళవాడు. భూములు వాళ్ళ పేర్న ఎక్కాయి, మన తాతల పేర్లు కాగితాల్లోనే లేవు. అప్పుడెవరూ నీతి చెప్పలేదు. ఇప్పుడు మనవాడు ఒకడు కుర్చీలోకి వచ్చేసరికి నీతులు మొదలయ్యాయా?"

ఈ ప్రశ్నలో నొప్పి ఉంది, నిజం కూడా ఉంది. దీనికి జవాబుగా నేను వాక్యము కంటే ముందు ఒక మనిషిని చూపిస్తాను. ఎస్.ఆర్. శంకరన్ గారు.

1934లో తమిళనాడులో పుట్టారు. ఐఏఎస్‌లో చేరి మన ఆంధ్రప్రదేశ్ క్యాడర్‌కు వచ్చారు. నెల్లూరు జిల్లా కలెక్టరుగా చేశారు. రాష్ట్ర సాంఘిక సంక్షేమ శాఖను నడిపారు. త్రిపుర రాష్ట్రానికి ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా, కేంద్రంలో గ్రామీణాభివృద్ధి కార్యదర్శిగా పనిచేశారు. పెళ్ళి చేసుకోలేదు, ఆస్తులు కూడబెట్టలేదు. తన సొమ్ములో పెద్దభాగం పేద పిల్లల చదువులకు ఖర్చుపెట్టారు. పదవీ విరమణ తర్వాత చేతులతో మలం ఎత్తే పనిని రూపుమాపాలని పోరాడిన సఫాయి కర్మచారి ఆందోళన్‌కు వెన్నుదన్నుగా నిలిచారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010 అక్టోబరు 7న హైదరాబాదులో కన్నుమూశారు.

ఆయన చేసిన పనుల్లో ఒకటి వెట్టిచాకిరీ నిర్మూలన. 1976లో పార్లమెంటు ఆ చట్టం చేసింది. చట్టంలో ఏముందో చూడండి. వెట్టికి కట్టేసిన అప్పు రద్దు. వదిలించుకున్న కూలీని అతను ఉంటున్న చోటు నుంచి వెళ్ళగొట్టకూడదు. "నాది వెట్టి అప్పు" అని కూలీ చెప్తే, కాదని రుజువు చేయవలసిన భారం అప్పిచ్చినవాడిదే. దీన్ని అమలు చేసే బాధ్యత జిల్లా అధికారులది. ఎంత బలమైన చట్టమో చూశారా? అయినా అది కాగితం మీద ఉండిపోవడానికి ఒక్క కారణం చాలు. కుర్చీలో ఉన్నవాడు పెద్దరైతుకు "మనవాడు" అయితే చాలు. శంకరన్ గారు ఆ చట్టాన్ని పల్లెల్లోకి తీసుకువెళ్ళడానికి పట్టుబట్టారు. పెద్దలకు కోపం వస్తుందని తెలిసే పట్టుబట్టారు. మన పిల్లలెందరో చదువుకున్న సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల వెనుక కూడా ఆయన కృషి ఉంది.

ఇప్పుడు ఆ యువకుల ప్రశ్నకు వస్తాను. శంకరన్ గారు మనవాడా? మన కులం కాదు, మన జిల్లా కాదు, మన భాషలో పుట్టినవారు కాదు, మన మందిరానికి వచ్చినవారు కాదు. "మనవాళ్ళకే చేయాలి" అని ఆయన కూడా అనుకుని ఉంటే మన పేటల్లో ఎంతమంది పిల్లలకు ఆ బడి దక్కేది కాదో! మనం పొందిన గొప్ప మేలుల్లో ఒకటి మనవాడు కాని మనిషి చేతుల మీదుగా వచ్చింది. అలాంటి మేలు పొందినవాళ్ళం మన వంతు వచ్చేసరికి "ఇక మనవాళ్ళకే" అంటే, ఆ మేలును మనమే తిరగగొట్టినట్టు అవుతుంది.

"ఆయనా పేదల పక్షం వహించారు కదా, అది పక్షపాతం కాదా?" అని కొందరు అడగొచ్చు. తేడా ఉంది. చట్టం ఎవరికోసం పుట్టిందో వారి గడప దాకా దాన్ని చేర్చడం ఒక పని. చట్టం వేసిన వరుసలో నుంచి నా వాణ్ణి లాగి ముందు నిలబెట్టడం వేరే పని. మొదటిదానిలో ఆ వర్గంలోని ప్రతి ఒక్కరికీ మేలు జరుగుతుంది, బహిరంగంగా జరుగుతుంది, ఫైలు మీద రాసి జరుగుతుంది. రెండోదానిలో ఫోను చేసినవాడికే మేలు, అదీ చాటుగా. నిర్గమకాండము 23వ అధ్యాయములో కూడా ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. వ్యాజ్యెములో పేదవాడు గనుక అని అతని పక్షము తిప్పవద్దని ఉంది, పేదవాని న్యాయమును చెరపవద్దనీ ఉంది. తక్కెడ వంచవద్దు, అదే సమయంలో తక్కెడ దగ్గరికి రాలేనివాణ్ణి వదిలేయవద్దు.

నెహెమ్యా బంధువులు

దేవుని వాక్యములో ప్రభుత్వోద్యోగులు చాలామంది ఉన్నారు. యోసేపు ఉన్నాడు. దానియేలు ఉన్నాడు, రాజ్యపు పనుల్లో అతని మీద తప్పు వెదికినవారికి ఏమీ దొరకలేదు. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సుంకరులు, సైనికులు వచ్చి "మేమేమి చేయాలి" అని అడిగారు. ఉద్యోగం మానేయండి అని ఆయన అనలేదు. నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దు, బెదిరించి లాక్కోవద్దు, జీతముతో తృప్తిపడండి అన్న అర్థముతోనే చెప్పాడు (లూకా 3). అందుకే మన పిల్లలు ప్రభుత్వోద్యోగంలో ఉండటం విశ్వాసానికి అడ్డు కాదు.

అయితే ఈ విషయంలో నాకు అందరికంటే దగ్గరగా కనిపించేది నెహెమ్యా. ఈ రాత్రి ఇంట్లో నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయము తీసి చదవండి. అక్కడి ప్రజలు కరువులో ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు తాకట్టు పెట్టారు. రాజుగారి పన్ను కట్టడానికి అప్పులు చేశారు. చివరికి కొడుకుల్నీ కూతుళ్ళనూ దాస్యానికి అప్పగించవలసి వచ్చింది. అప్పిచ్చినది పరాయివాళ్ళు కాదు, వాళ్ళ సొంత జనంలోని పెద్దలే. అది మన తాతల వెట్టిచాకిరీ కథే. అధిపతిగా ఉన్న నెహెమ్యా ఆ పెద్దలను సభ ముందు నిలబెట్టి, తీసుకున్నవి తిరిగి ఇప్పించాడు. గమనించండి, ఆ మాట చెప్పేటప్పుడు తన సహోదరులనూ తన దాసులనూ కూడా అప్పిచ్చినవారి లెక్కలో కలిపే చెప్పాడు. ముందు ఇల్లు, తర్వాత ఊరు.

ఆ అధ్యాయము చివర ఇంకా స్పష్టంగా ఉంటుంది. నెహెమ్యా పన్నెండు సంవత్సరాలు అధికారిగా ఉన్నాడు. అంతకుముందున్న అధికారులు ఆహారము, ద్రాక్షారసముతో పాటు నలభై తులముల వెండి కూడా ప్రజల దగ్గర వసూలు చేశారు. వారి పనివాళ్ళు కూడా జనం మీద పెత్తనం చేశారు. నెహెమ్యా మాత్రం తనకు రావలసిన అధికారి భత్యము సైతం తీసుకోలేదు. అక్కడ ఒక చిన్న మాట ఉంది, మనం చదువుతూ దాటిపోతాం. తాను తీసుకోలేదని చెప్పి ఊరుకోలేదు, తన బంధువులు కూడా తీసుకోలేదని రాశాడు.

పన్నెండేళ్ళు ఒక అధికారి బంధువులు ఆయన పదవిని అమ్ముకోలేదు! నెహెమ్యా నిలబడ్డాడంటే వెనుక ఆ బంధువులు ఉన్నారు.  ఈ తరంలో మన సంఘము ఆ బంధువులలా ఉండాలని నా ఆశ.

జీతం ఎంత, గీతం ఎంత?

దీనికి వ్యతిరేకమైన ఇల్లూ వాక్యములో ఉంది. సమూయేలు ముసలితనంలో జనమందరి ముందు నిలబడి, నేను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచము పుచ్చుకున్నానా చెప్పండి అని అడిగాడు. లేదు అన్నారు జనం. అంత నిర్మలమైన మనిషి. కానీ ఆయన కొడుకులు న్యాయాధిపతులై లంచాలు తిన్నారు (1 సమూయేలు 8). తండ్రి సాక్ష్యము కొడుకులకు వారసత్వంగా రాలేదు. నిజాయితీ ఇంట్లో ప్రతి తరానికీ కొత్తగా నేర్పవలసిందే.

మరి మన ఇళ్ళలో ఏం నేర్పుతున్నాం? పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు ఆడపిల్లవాళ్ళు అడిగే మాట మీకు తెలుసు. "జీతం సరే, గీతం ఎంత?" అందరూ నవ్వుతారు. ఆ నవ్వులో పిల్లవాడు ఒక పాఠం నేర్చుకుంటాడు. జీతం మీద బ్రతికేవాడు చేతకానివాడని నేర్చుకుంటాడు. కట్నం కూడా ఆ గీతం లెక్క మీదే పెరుగుతుంది. లక్షలు పోసి పెళ్ళి చేసినవాళ్ళు తర్వాత ఊరుకుంటారా?

ఉద్యోగాలు ఇప్పిస్తామని తిరిగే బ్రోకర్ల సంగతి కూడా ఇంతే. పొలం అమ్మి డబ్బు కట్టినవారిలో చాలామంది మోసపోతారు. ఒకవేళ నిజంగానే పోస్టు వచ్చిందనుకోండి, ఆ పిల్లవాడు మొదటి రోజునే అప్పుతో కుర్చీలో కూర్చుంటాడు. ఆ అప్పు జీతంతో తీరదు. అది ఎవరి దగ్గర వసూలవుతుంది? పింఛను కోసం వచ్చే ముసలమ్మ దగ్గర. అలా వచ్చిన ఉద్యోగానికి మందిరంలో సాక్ష్యము చెప్పించడం నా వల్ల కాదు. ఇది ముందే చెప్తున్నాను, తర్వాత ఎవరూ బాధపడవద్దు.

ఉద్యోగంలో ఉన్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ

మీలో చాలామంది ఇది ఫోనులో చదువుతారని తెలుసు. సివిల్స్‌కు చదువుతున్నవారికి నైతికత, నిజాయితీ మీద 250 మార్కుల పేపరు ఉంది, 2013 నుంచి పెట్టారు. కోచింగులో దానికి జవాబులు నేర్పుతారు. మంచిదే. కానీ అసలు పరీక్ష పోస్టింగు వచ్చాక మొదలవుతుంది, దానికి తేదీ ముందుగా చెప్పరు.

లంచం తీసుకోకపోవడం పునాది మాత్రమే. పునాది వేసి ఇల్లు కట్టకుండా వదిలేసినవాళ్ళూ ఉన్నారు. "నేను పైసా ముట్టను" అంటారు, కానీ ఫైలు కూడా ముట్టరు. జనాన్ని నాలుగుసార్లు తిప్పుతారు. కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషికి రెండు రోజులు పోతే అదీ అతని దగ్గర తీసుకున్నట్టే. అందుకే చిన్న చిన్న పనులు చెప్తాను. ఏ కాగితాలు కావాలో మొదటి రోజే అన్నీ ఒకేసారి చెప్పండి. దరఖాస్తు తీసుకుంటే రసీదు ఇవ్వండి. పని కాదు అంటే ఎందుకు కాదో రాసివ్వండి. చదువురాని పెద్దమనిషి వస్తే కుర్చీ చూపించండి, "మీరు" అనండి. మనవాళ్ళు ఎవరైనా అడ్డదారి అడిగితే "బాబాయ్, వరుసలో పెట్టు, నీ వంతు వస్తే ఒక్కరోజు ఆలస్యం కానివ్వను" అనండి. అంతకంటే మర్యాదైన జవాబు లేదు.

దీనికి ధర ఉంటుంది. బదిలీ రావచ్చు. మంచి పోస్టింగు తప్పిపోవచ్చు. "ఉద్యోగం వచ్చాక కళ్ళు నెత్తికెక్కాయి" అని మన వీధిలోనే అంటారు. అది అన్నిటికంటే ఎక్కువ నొప్పి పెడుతుందని నాకు తెలుసు. ఆ మాట మీ మీద పడినప్పుడు నేను మీ పక్షాన ఉంటాను.

సంఘముగా మనం చేయగలిగినవి

పిల్లలకు చెప్పి పెద్దలను వదిలేస్తే న్యాయం కాదు. కాబట్టి మనం చేయగలిగినవి కొన్ని రాస్తున్నాను.

మొదటిది, ఫోను మానేద్దాం. పని ఉంటే దరఖాస్తు రాసి ఇద్దాం, రసీదు అడిగి తీసుకుందాం. ఎంతకీ కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, 2005లో వచ్చింది. నా దరఖాస్తు ఎవరి దగ్గర ఉంది, ఎన్ని రోజుల నుంచి ఉంది, ఎందుకు ఆగింది అని రాసి అడగవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. నలభయ్యో చోటున ఉన్న ఆ తల్లికి కూడా ఈ హక్కు ఉంది. ఇది "మనవాడు" లేనివారికి చట్టం ఇచ్చిన మనవాడు.

రెండోది, లంచం ఇవ్వడం నేరమని గుర్తుపెట్టుకుందాం. అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. లంచం ఇచ్చినవారికి కూడా ఏడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. బలవంతం చేసి ఇప్పించుకుంటే మాత్రం, ఇచ్చిన ఏడు రోజుల్లోగా పోలీసులకో ఏసీబీ వంటి దర్యాప్తు సంస్థకో తెలియజేసినవారికి రక్షణ ఉంది. "తప్పక ఇచ్చాను" అని ఇంట్లో చెప్పుకుని ఊరుకుంటే ఆ రక్షణ పోతుంది. భయంగా ఉంటే ఒంటరిగా వెళ్ళవద్దు, సంఘపెద్దలను తోడు తీసుకెళ్ళండి.

మూడోది, ప్రతి శనివారం సాయంత్రం మందిరం వరండాలో ఒక బల్ల వేద్దాం. చదువుకున్న పిల్లలు ఇద్దరు కూర్చుని ఎవరు వచ్చినా దరఖాస్తులు రాసిపెట్టాలి. మన సంఘమువారికే అని పెట్టవద్దు. గుడికి వెళ్ళేవారు, మసీదుకు వెళ్ళేవారు, ఎవరికైనా రాయండి. సిఫారసు అవసరం ఎందుకొస్తుంది? దారి తెలియక వస్తుంది. దారి చూపించేవాడు ఊళ్ళో ఉంటే ఆఫీసులో మనవాడి కోసం వెదకనక్కరలేదు.

నాలుగోది, పెళ్ళిమాటల్లో "గీతం" అన్న మాట రానివ్వవద్దు. ఎవరైనా నవ్వుతూ అన్నా మనం నవ్వవద్దు.

అయిదోది, నిజాయితీగా ఉన్నందుకు బదిలీ అయి వెళ్ళిన అధికారి ఎవరైనా ఉంటే, మన విశ్వాసి అయినా కాకపోయినా, వెళ్ళేముందు నలుగురం వెళ్ళి ఒక దండ వేసి కృతజ్ఞత చెప్పి వద్దాం. చెడ్డవాడు వస్తే తిట్టడానికి పదిమంది పోగవుతాం. మంచివాడు వెళ్ళిపోయే రోజున అతను బస్టాండులో ఒంటరిగా నిలబడి ఉంటాడు.

సహోదరులారా, మన పిల్లలు ఆ కుర్చీల్లోకి వెళ్ళడానికి మన తల్లులు కూలికి వెళ్ళారు, ఉపవాసాలుండి ప్రార్థించారు. "మా వాడికి ఉద్యోగం ఇవ్వు ప్రభువా" అని అడిగాం, ఇచ్చాడు. ఇక నుంచి అడగవలసిన ప్రార్థన వేరు. ఎవరూ లేక ఆ ఆఫీసు మెట్లెక్కి వచ్చే మనిషికి మా వాడు మనవాడుగా ఉండాలి ప్రభువా అని అడుగుదాం. అడిగి, మన ఫోను పక్కన పెట్టేద్దాం.

ప్రభువు మీ ఇళ్ళను, ఉద్యోగాలలో ఉన్న మీ బిడ్డలను దీవించి కాపాడును గాక. ఆమేన్.